డాగ్ కాట్ రివ్యూ: పోలీస్ కెన్నెల్‌లో రోజూ వాడుతున్నోళ్ళ మాట

ఐరన్ పైపుల ఫ్రేముకి గట్టి గుడ్డ బిగించి, నేల మీద నుంచి జానెడు ఎత్తులో ఉండే డాగ్ కాట్ గురించి ఈ రివ్యూ. షాపుల్లో ఎలివేటెడ్ బెడ్ అని రాస్తరు, మా దగ్గర అందరూ కాట్ అనే అంటరు. నేను హైదరాబాద్‌లో పోలీస్ కెన్నెల్‌లో కుక్కల్ని చూసుకునే పని చేస్తా. హ్యాండ్లర్‌ని కాదు, హ్యాండ్లర్ అంటే కుక్కతోని డ్యూటీకి పోయే కానిస్టేబుల్, నాది కెన్నెల్ లోపలి పని, అంటే పొద్దున్నే కెన్నెళ్ళు కడుగుడు, తినబెట్టుడు, బ్రష్ చేసుడు, చెవులు పళ్ళు పాదాలు చూసుడు, మలం ఎట్లుందో చూసి రాసిపెట్టుడు, ఏదన్నా తేడా ఉంటే హ్యాండ్లర్ అన్నకి, డాక్టర్ సార్‌కి చెప్పుడు. కాబట్టి కాట్ మీద కుక్క ఎట్ల పడుకుంటది, దాన్ని ఎట్ల కడగాలె, ముందుగాల ఎక్కడ పాడైతది అనేది అంతా రోజూ నా చేతుల మీద నుంచే పోతది.

కంపెనీ పేరు రాస్తలేను, ఎందుకంటే ఇదే ఫ్రేము, ఇవే బోల్టులు నాలుగైదు రకాల స్టిక్కర్లతోని సిటీలో పెట్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నయి. నల్ల పౌడర్ కోటింగ్ పైపు, నాలుగు కాళ్ళకి రబ్బరు బుడ్లు, మధ్యల నీలం లేకపోతే బూడిద రంగు గుడ్డ, విప్పితే అన్నీ ఒక అట్టపెట్టెలో పడతయి, అలెన్ కీ దాంట్లోనే ఉంటది. పెద్ద సైజు నాకు 2,000 కి కొంచెం పైన పడింది. కెన్నెల్‌లో వాడి చూసి బాగనిపించినంక ఇంటికి కూడా నా డబ్బుల్తోని అదే రకం కొన్న, అందుకే రెండు చోట్ల సంగతీ చెప్తా.

కుక్క కోసం బెల్టు ఏది మంచిది, షాంపూ ఏది, ఫుడ్ ఏ బ్రాండు అని నన్ను మస్తు మంది అడుగుతరు, కుక్క దేని మీద పడుకోవాలె అని అడిగినోళ్ళు తక్కువ. పెద్ద కుక్క రోజుల సగానికి పైన పడుకునే ఉంటది గదా, మరి ఆ సగం రోజు దేని మీద గడుస్తుందో చూడకుండా మిగతా వాటి మీద వేలకు వేలు పెట్టుడు నాకు బాధ అనిపిస్తది.

కెన్నెల్‌లో నేల గచ్చుతోనే ఉంటది, ఉండాలె కూడా. రోజూ నీళ్ళు కొట్టి కడగాలంటే, ఆ నీళ్ళు ఆగకుండ మోరీలకి జారాలంటే కొంచెం వాలు పెట్టి సిమెంటు చేస్తరు, కాళ్ళు జారకుండ కొంచెం గరుకుగ ఉంచుతరు. కడగనీకి మంచిదే కానీ పడుకోనీకి అది పనికిరాదు. 30 కిలోలు దాటిన ల్యాబ్ (ల్యాబ్రడార్) గానీ జర్మన్ షెపర్డ్ గానీ దబ్బున కింద పడుకుంటది చూడండి, బరువంతా ముందు మోచేతుల మీద పడ్తది, అక్కడ ఎముకకీ తోలుకీ మధ్య కండ ఉండదు. రోజూ అట్లనే అయితే ముందు వెంట్రుకలు పోతయి, తర్వాత తోలు నల్లగా మందంగా అయ్యి కాయ కాస్తది, కొన్నిటికి ఆ కాయ పగిలి పుండు పడ్తది, ఇంకొన్నిటికి మోచేతి కింద నీళ్ళు చేరి మెత్తగ బుగ్గ లెక్క ఉబ్బుతది, డాక్టర్లు దాన్ని హైగ్రోమా అంటరు. నొప్పి లేదని వదిలేస్తరు గానీ, పగిలి చీము పట్టిందంటే మానడానికి చాన రోజులు పడ్తది. మన ఇండ్లల్ల కూడా ఇదే కథ, షాబాద్ బండలు, టైల్సు, మార్బుల్, ఏదైనా గట్టిదే. మీ కుక్క మోచెయ్యి ఒకసారి పట్టుకుని చూడండి, గరుకుగ తగిలితే ఈ రివ్యూ మీకే.

కాట్ వచ్చినంక నేను ముందుగాల గమనించింది ఈ మోచేతులే. కొత్త కాయలు కాయలేదు, ఉన్న వాటి మీద కొబ్బరి నూనె రాస్తూ ఉంటే మెత్తబడ్డయి, ఒకట్రెండు కుక్కలకి వెంట్రుకలు కూడా మళ్ళీ వచ్చినయి. పాత కాయ పూర్తిగా పోదు, అంత ఆశ పెట్టుకోకండి.

ఇంకో సంగతి బయటోళ్ళకి తెల్వదు. స్నిఫర్ కుక్కకి రెస్టు అనేది డ్యూటీలో భాగం. గణేష్ నిమజ్జనం, బోనాలు, ఎలక్షన్ మీటింగులు, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్, ఏదున్నా జనం రాకముందే మా కుక్కలు పోయి చెక్ చేసి రావాలె. కుక్కకి మనలెక్క ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల కాడ కొంచెం పడ్తది అంతే, వేడి దిగాలంటే నోరు తెరిచి వగర్చుడే దానికి పెద్ద మార్గం. నోటితోని వగరుస్తున్నంత సేపు ముక్కుతోని సరిగ్గ వాసన పట్టలేదు. అంటే రాత్రంతా వేడి గచ్చు మీద సరిగ్గ పడుకోక, అటు మర్లి ఇటు మర్లి, పొద్దున్నే అలిసిపోయి వ్యాన్ ఎక్కిన కుక్క ఎంత ట్రైనింగ్ ఉన్నా డ్యూటీ మీద తొందరగా వగర్చుడు మొదలుపెడ్తది. మన రాష్ట్రంలో పోలీస్ కుక్కలకి మొయినాబాద్‌లో ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో నెలల తరబడి ట్రైనింగ్ ఇస్తరు, కుక్కా హ్యాండ్లరూ ఇద్దరూ కలిసే నేర్చుకుంటరు, అంత కష్టపడి తయారు చేసిన ముక్కు అది. దాన్ని రాత్రి పూట సరిగ్గ పడుకోబెట్టుడు నా పని, నేను దాన్ని చిన్న పని అని ఎప్పుడూ అనుకోను.

ఇప్పుడు ఎండాకాలం గురించి, ఇక్కడ షాపోళ్ళు చెప్పేది సగమే నిజం. కాట్ కింద గాలి ఆడ్తది కాబట్టి కుక్క చల్లగ ఉంటది అని చెప్తరు. పొద్దున, సాయంత్రం, రాత్రి అది నిజమే, కింద నుంచి గాలి తగుల్తది, మెత్తటి పరుపు మీదకంటే వంద రెట్లు నయం, ఎందుకంటే ఫోమ్ పరుపు ఒంటి వేడినే మళ్ళీ ఒంటికి కొడ్తది. కానీ మే నెలల మిట్ట మధ్యాహ్నం హైదరాబాద్‌లో 40 దాటినప్పుడు గాలే వేడిగా ఉంటది, అప్పుడు కాట్ కింద గాలి ఆడినా లాభం లేదు. ఆ టైంల కుక్కలు వాటంతట అవే కాట్ దిగిపోయి, నీళ్ళు చల్లిన గచ్చు మీద కడుపు ఆనించి పడుకుంటయి, కడుపు కింద వెంట్రుకలు పల్చగ ఉంటయి కాబట్టి అక్కడి నుంచి వేడి తొందరగా దిగుతది. పడుకోనియ్యాలె, గుంజి కాట్ ఎక్కించొద్దు. అందుకే కాట్ కొనేటప్పుడు కెన్నెల్ మొత్తం నిండే సైజు తీసుకోకండి, పక్కన కుక్క సాపుకుని పడుకునేంత నేల ఖాళీ ఉండాలె. కూలరు, నీడ, చల్ల నీళ్ళు, ఈ మూడింటికీ కాట్ బదులు కాదు.

వానాకాలంలో మాత్రం దీనికి ఎదురులేదు. ఎంత కడిగినా, వైపర్ కొట్టినా జులై ఆగస్టుల గచ్చు ఆరదు, తేమ పట్టే ఉంటది, తడి మీద పడుకుంటే తొడల లోపల, చంకల్ల, వేళ్ళ మధ్యల ఎర్రగ అయ్యి దురద, వాసన, తర్వాత గోక్కుని గోక్కుని పుండ్లు. షెపర్డ్ లాంటి డబుల్ కోటు కుక్కలకైతే పైన ఆరినట్టు కనిపిస్తది, చెయ్యి పెట్టి చూస్తే లోపలి వెంట్రుక తడిగనే ఉంటది. ఎలుకలు తిరిగే చోట అయితే ఇంకో భయం, లెప్టో అనే జబ్బు, ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ నుంచి వస్తది, వ్యాక్సిన్ ఉన్నా కూడా తడి నేల మీద కుక్కని ఉంచొద్దు. కాట్ ఉంటే కుక్క పొడి జాగలో ఉంటది, కింద నేల దాని టైం అది తీసుకుని ఆరుతది. చలికాలం సంగతి దీనికి ఉల్టా, డిసెంబర్ రాత్రులు కింద నుంచి చలిగాలి కొడ్తది, అప్పుడు ఉతికిన గోనె సంచి గానీ పాత బొంత గానీ పైన పరుస్తం. అదొక్కటి చేస్తే చాలు.

ఇగ గోమార్లు. దీని గురించి ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఈ కాట్‌లో నాకు అన్నిటికంటే నచ్చని పాయింట్ ఇక్కడే ఉంది. మన దగ్గర కుక్కలకి పట్టేది ఎక్కువగా బ్రౌన్ డాగ్ టిక్. అది జీవితమంతా కుక్క మీదనే ఉండదు, రక్తం తాగి కిందికి దిగి దాక్కుంటది, తోలు మార్చుకుని మళ్ళీ ఎక్కుతది, ఇట్ల మూడుసార్లు ఎక్కి దిగుతది, ఆఖర్ల కడుపు నిండిన ఆడది గోడ పగుళ్ళల్ల, మూలల్ల దూరి వేల గుడ్లు పెడ్తది. అందుకే కుక్కకి మందు ఒక్కటే పెట్టి కెన్నెల్‌ని వదిలేస్తే గోమార్లు పోవు. మేము గోడ సందులకి, తలుపు కమ్మీల జాయింట్లకి, పై కప్పు అంచులకి మంట పెట్టే గన్ కొడ్తం, కుక్కల్ని బయటికి తీసినంకనే అనుకోండి, సందులు సిమెంటుతోని మూసేస్తం. ఇంత చేసినంక కాట్ పైపు లోపల బోలుగా ఉండి, దాని చివర పెట్టిన ప్లాస్టిక్ బిళ్ళ ఊడిపోతే? గోమారికి అంతకంటే మంచి ఇల్లు ఏముంటది, చీకటి, కుక్కకి జానెడు దూరం, మంట గన్ కూడా లోపలికి పోదు. ఈ కాట్‌కి ఆ బిళ్ళలు వదులుగ వస్తున్నయి, కొన్ని రోజులకే ఊడి కింద పడ్తున్నయి, కుక్క వాటిని మింగే డేంజర్ వేరే. నేనైతే కొత్త కాట్ రాంగనే బిళ్ళలు పీకి, ఎం-సీల్ ముద్ద నొక్కి పైపు చివర్లు అన్నీ మూసేస్తా, ఒక రాత్రి ఆరనిచ్చి తర్వాతనే కుక్కకి ఇస్తా. గుడ్డ మడిచి కుట్టిన అంచు లోపల కూడా చూడాలె, అక్కడ దూరితే బయటికి కనపడవు, వారానికోసారి ఆ మడత మొత్తం వేలితోని తడిమి చూస్తా.

ఇంత రాసుడు ఎందుకంటే టిక్ ఫీవర్‌తోని కుక్కలు పోతున్నయి, ఉత్తగ కాదు. ఎర్లికియా అనే క్రిమి రక్తంల దూరితే ప్లేట్‌లెట్లు పడిపోతయి, కుక్క తిండి మానేస్తది, డల్ అయితది, కొన్నిటికి ముక్కుల నుంచి రక్తం కారుతది. కుక్కకి మామూలుగనే ఒళ్ళు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటది, కాబట్టి చెయ్యి పెట్టి వేడిగుందని భయపడకండి, థర్మామీటర్ పెట్టి చూడండి, 103 దాటి, చిగుళ్ళు పాలిపోయి ఉంటే ఆ రోజే తీస్కపోండి. నారాయణగూడలో గవర్నమెంట్ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ కోర్సుతోని చాన వరకు కోలుకుంటయి, నాలుగు వారాల కోర్సు రాస్తరు ఎక్కువగా, కుక్క రెండో రోజే లేచి తిరుగుతుంది గదా అని మధ్యల ఆపొద్దు.

కడుగుడు విషయానికొస్తే ఈ కాట్ బాగుంది. లేపి గోడకి ఆనిచ్చి పైపుతోని నీళ్ళు కొడితే అయిపోతది, వెంట్రుకలు అంటుకుని ఉండవు, ఎండల పెడితే గంటల ఆరుతది. మేము ముందు సబ్బు నీళ్ళతోని మూత్రం, మురికి అంతా కడిగేస్తం, తర్వాత బ్లీచ్ నీళ్ళు, ఒక పాలు లిక్విడ్ బ్లీచ్‌కి ముప్పై పాళ్ళ నీళ్ళు, పది నిమిషాలు తడిగ ఉంచి మళ్ళీ మంచి నీళ్ళతోని కడిగి ఎండబెడ్తం. పార్వో లాంటి వైరస్ నెలల తరబడి నేల మీద బతికే ఉంటది, దానికి బ్లీచ్ పని చేస్తది. మూత్రం కడగకుండ బ్లీచ్ పొయ్యొద్దు, ఆ రెండూ కలిస్తే ఘాటు గ్యాస్ లేస్తది, యాసిడ్‌తోని కూడా కలపొద్దు. ఫినాయిల్ అయితే నేను కాట్‌కి అస్సలు తగలనియ్య. ఇండ్లల్ల అలవాటుగా అందరూ ఫినాయిల్ కొడ్తరు, వాసన వస్తే క్లీన్ అయినట్టు అనుకుంటరు, కుక్క ముక్కుకి ఆ వాసన ఎంత ఉంటదో ఆలోచించండి, పైగా కుక్క పాదాలు నాకుతది, ఆ మందు కడుపులకి పోతది. ఇంట్ల పిల్లి కూడా ఉంటే ఇంకా మోసం, పిల్లికి ఫినాల్ విషమే. ఒక లోపం మాత్రం ఉంది, మగ కుక్కలు కాట్ కాలుకే మూత్రం పోస్తయి, ఆ చోట పౌడర్ కోటింగ్ లేచిపోయి తుప్పు పడుతుంది, బోల్టు దగ్గర ముందు మొదలైతది. కోటింగ్ లేచిన చోట గీకి పెయింట్ వేస్తే ఆగుతది.

గుడ్డ రెండు రకాలుగ వస్తుంది. ఒకటి కాన్వాస్ లెక్క గట్టి గుడ్డ, ఇంకోటి జాలీ, సన్న బొక్కలు ఉంటయి. జాలీ తొందరగా ఆరుతది, గాలి ఎక్కువ ఆడ్తది, బ్రష్ చేసేటప్పుడు వెంట్రుకలు కిందికి రాలిపోతయి, షెపర్డ్ కోటు విడిచే టైంల అది మస్తు సుఖం. కానీ గోర్లు పెరిగిన కుక్కకి జాలీ వద్దే వద్దు. ముందు కాళ్ళకి లోపలి పక్క కొంచెం పైకి ఒక గోరు ఉంటది, నడకల అది నేలకి తగలదు కాబట్టి అరగదు, దాన్ని కత్తిరించకపోతే వంకర తిరిగి జాలీల ఇరుక్కుంటది, కుక్క భయంతోని గుంజితే గోరు వేరు దాకా చీలి రక్తం ఆగదు. గోర్లు టైంకి కత్తిరించే ఇల్లైతే జాలీ తీసుకోండి, లేకపోతే కాన్వాస్. ఏది తీసుకున్నా బిగువు ముఖ్యం, నడిమిట్ల తడితే డప్పు లెక్క మోగాలె. కుక్క పడుకునే ముందు గుండ్రంగ తిరిగి కాళ్ళతోని గీకుతది గదా, గుడ్డ వదులుగ ఉంటే ఆ గీకుడికి మధ్యలనే చిరుగుతది.

మాలినాయిస్‌ల సంగతి విడిగా చెప్పాలె. బెల్జియన్ మాలినాయిస్ బరువు ల్యాబ్ కంటే తక్కువే, 25, 30 కిలోలు ఉంటది, కానీ దానికి పని లేకపోతే నోరు ఊరుకోదు. కుర్ర మాలినాయిస్‌కి ఈ కాట్ ఇస్తే గుడ్డ అంచు బయటికి ఎక్కడ కనిపిస్తుందో అక్కడ పట్టి గుంజుతది, ఒక్కసారి దారం లేచిందంటే పొద్దున్నకల్లా మధ్య వరకు చీరేస్తది, మింగిన ముక్కలు పేగుల అడ్డం పడితే ఆపరేషనే. ఈ మోడల్‌లో పొడుగు పక్కలకి గుడ్డ పైపు చుట్టూ మడిచి ఉంటది కాబట్టి పర్వాలేదు, పొట్టి పక్కలకి మాత్రం అంచు బయటికే ఉంది. పైపు లోపలి నుంచి గుడ్డ దూర్చి బిగించే మోడల్స్ కూడా ఉన్నయి, అంచు అస్సలు కనపడదు, రేటు ఎక్కువ, కానీ కొరికే కుక్క ఉన్నోళ్ళు ఆ ఎక్కువ పెట్టుడే మంచిది. ల్యాబ్‌లు, గోల్డెన్‌లు పెద్దయినంక పెద్దగ కొరకవు, కాకర్‌లు బీగిల్‌లు గుడ్డ జోలికి రావు గానీ కింద దూరి పడుకుంటయి, అది వాటి ఇష్టం.

ముసలి కుక్కలకి ఎట్లుంటది అని చాన మంది అడిగిర్రు. మా దగ్గర పని చేసిన ఒక హ్యాండ్లర్ అన్న తన ల్యాబ్ రిటైర్ అయినంక ఇంటికే తీస్కపోయిండు, దానికి తుంటి కీళ్ళు అరిగినయి, లేవాలంటే ముందు కాళ్ళ మీద ఊగి ఊగి లేస్తది. అన్న నాకు ఫోన్ చేసి, "తమ్మీ, పరుపు మీద పడుకుంటే దిగబడి లేవలేకపోతుంది, కింద పడుకుంటే మూలుగుతుంది, ఏం చెయ్యాలె" అంటే నేను ఈ కాటే చెప్పిన, కాకపోతే ఇంటికి పోయి కాళ్ళు కోపిచ్చి ఎత్తు సగం చేయించిన, కింద రబ్బరు మ్యాట్ పరిచినం. బిగువు గుడ్డ కాబట్టి ఒళ్ళు దిగబడదు, ఎత్తు తక్కువ కాబట్టి ముందు కాళ్ళు నేల మీద పెట్టి వెనక భాగం జార్చుకుంటే నిలబడిపోతది. మొదట ఎక్కలేదు, పక్కనే పడుకున్నది. అన్న కాట్ మీద తన పాత యూనిఫాం చొక్కా పరిచిండు, సాయంత్రం వరకు ఎక్కి పడుకున్నది. కీళ్ళ నొప్పులున్న కుక్క ఉన్నోళ్ళు టైల్స్ మీద రబ్బరు మ్యాట్ మర్చిపోవద్దు, దిగంగనే కాలు జారితే కాట్ వల్ల వచ్చిన లాభం అంతా పోతది. కాళ్ళు కోపిస్తే వారంటీ పోతదేమో అని అన్న అడిగిండు, దీనికి ఇచ్చే వారంటీ బిల్లు మీద స్టాంపు వరకే, దాని గురించి ఆలోచించకండి.

కుక్కకి కాట్ అలవాటు చేసుడు కష్టం కాదు, గుంజి ఎక్కించకపోతే చాలు. తినేది ఒక ముక్క కాట్ మీద పెట్టాలె, ఎక్కితే మెచ్చుకోవాలె, దిగితే ఏం అనొద్దు. కొన్ని రోజులకి ప్లేస్ అనే మాట జోడిస్తే ఆ మాట వినంగనే ఎక్కి కూర్చుంటది. ఇంట్ల ఇది మస్తు పనికొస్తది, చుట్టాలు వచ్చి బెల్లు కొడితే మీద పడకుండ ప్లేస్ అంటే సరిపోతది, సాయంత్రం తిండి పెట్టినంక గంటన్నర గంతులెయ్యకుండ కూర్చోబెట్టనీకి కూడా. ఛాతి లోతుగా ఉండే షెపర్డ్‌లాంటి కుక్కలకి కడుపు నిండా తిని ఉరికితే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, గంటల్ల ప్రాణం పోతది, అందుకే తిండికి ముందూ తర్వాతా రెస్టు అనేది మా దగ్గర గట్టి రూలు. దీపావళి పటాకుల రోజు కాట్‌ని కిటికీకి దూరంగా లోపలి రూంల వెయ్యండి. ఒక్క మాట, శిక్ష కింద మాత్రం కాట్ ఎక్కించొద్దు, అది దాని జాగ, అక్కడికి పోతే భయం వెయ్యొద్దు.

రేటు ఎక్కువ అనిపించినోళ్ళకి వేరే దారి ఉంది. రాణిగంజ్‌లో ఒక ఇంచు జీఐ పైపు కొని మీ గల్లీల వెల్డింగ్ షాపులో ఇస్తే ఫ్రేమ్ చేసిస్తడు, పైపు చివర్లు వెల్డింగ్‌తోనే మూసెయ్యమని చెప్పండి, గోమార్ల గొడవే ఉండదు, ఈ విషయంల గల్లీ వెల్డర్ చేసిందే షాపు కాట్ కంటే గట్టి. మధ్యల నైలాన్ నవారు అల్లించొచ్చు, మన నవారు మంచం పద్ధతే, వదులైతే మళ్ళీ గుంజి కట్టుకోవచ్చు, తెగిన పట్టీ ఒక్కటే మార్చుకోవచ్చు. నూలు నవారు వద్దు, మూత్రం పీల్చుకుని వాసన పోదు. నవారు అల్లికల సందులు ఎక్కువ కాబట్టి గోమార్లు చూసే పని పెరుగుతది, అదొక్కటి ఒప్పుకోవాలె. కుక్కలు ఎక్కువ ఉన్నోళ్ళకి, ఇంటి దగ్గర వీధి కుక్కలకి గేటు పక్కన రెండు మూడు వెయ్యాలనుకునేటోళ్ళకి నేనైతే ఇదే చెప్తా.

షాపు కాట్‌కి నా రేటింగ్ 5 కి 3.5. పడుకోనీకి, కడగనీకి, వానాకాలానికి ఫుల్ మార్కులు. ఒక మార్కు పైపు బిళ్ళలకి తీసేసిన, సగం విడి గుడ్డ దొరకనందుకు, ఫ్రేము ఏళ్ళు నిలబడుతుంది, గుడ్డ చిరిగితే మాత్రం కొత్త కాట్ కొనుక్కోమంటున్నరు, అది అన్యాయం. నేను పాత గుడ్డ కొలత తీస్కపోయి టార్పాలిన్ కుట్టే అతనితోని కుట్టించుకుంటున్న, కంపెనీ గుడ్డ కంటే డబుల్ కుట్టు వేస్తున్నడు. బోల్టులు వారానికోసారి బిగించుకోండి, వదులైతే కుక్క తిరిగినప్పుడల్లా కిర్రుమంటది, ఆ సౌండుకి భయపడే కుక్క మళ్ళీ ఎక్కదు, బోల్టు కింద స్ప్రింగ్ వాషర్ వేస్తే ఆ బాధ తప్పుతది. సైజుకి కుక్క పక్కకి పడుకుని కాళ్ళు చాపినప్పుడు ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి దానికి ఇంకో బెత్తెడు కలపండి, పెట్టె మీద బ్రీడు పేర్లు రాసి ఉంటయి గానీ వాటిని చూసి కొనకండి, ల్యాబ్ అని రాసిన సైజు మా ల్యాబ్‌లల్ల సగం వాటికి పొట్టిగ అయింది. బరువు కెపాసిటీ కుక్క బరువుకి డబుల్ ఉన్నది తీసుకోండి, ఎందుకంటే అది నెమ్మదిగ ఎక్కదు, దుంకుతది.